సంఘం జల్లెడ

నేను ఒక జల్లెడను. పిండి జల్లించలేదు, ఇసుక జల్లించలేదు. ఆ పనులు చేసుంటే ఎవరి వాకిట్లోనో నలిగి, విరిగి, సుఖంగా పోయుండేదాన్ని. నా పని వేరు. శనక్కాయ గింజలు నా మీద పోసి ఊపుతారు. పైన నిలిచింది మేలు రకం, కింద పడింది రెండో రకం. అంతే నాకు తెలిసిన చదువు. ఆ చదువుతోనే ఎర్రబండపేటలో పన్నెండు మిల్లులను ఏలినాను. ఇప్పుడు అద్దాల బీరువాలో ఉన్నాను. నన్ను ముట్టుకునేవాళ్లు లేరు.

నేను పుట్టింది బస్టాండు వెనక దాదాపీరు అంగట్లో. బకెట్లకు అడుగులు వేయడం, కిరసనాయిలు గరాటలు చేయడం దాదాపీరు పని. జింకు రేకు ఒకటి కొత్తది తెప్పించి, నాలుగు పక్కలా వేపచెక్క బిగించి, బెజ్జాలు కొట్టే ముందు ఆగినాడు. బెజ్జం ఎంత ఉండాలో చెప్పేవాడు రావాల.

వచ్చినాడు. తెల్లచొక్కా, జేబులో పెన్సిలు, చంకలో తోలుసంచి. పేరు శేషసాయి. ఊళ్లో అందరూ మార్కెటింగు సారు అనేవాళ్లు. సంచిలోంచి చిన్న గాజుసీసా తీసి, అందులోంచి ఐదు గింజలు దాదాపీరు రేకులు కొట్టే ఇనుప దాగలి మీద పెట్టినాడు. ఇవి పడకూడదు, వీటికన్నా చిన్నవి నిలవకూడదు అన్నాడు.

దాదాపీరు ఒక గింజను రెండు వేళ్ల మధ్య దొర్లించి చూసినాడు.

"ఇది బోరు కింద గింజ సార్. వానచేను గింజ ఇంత లావు రాదు."

"తెలుసు" అన్నాడు సారు. "తెలిసే తెచ్చాను."

దాదాపీరు గింజను మళ్లీ దాగలి మీద పెట్టినాడు. సుత్తి తీసుకున్నాడు. ఇరవై ఎనిమిది వరసలు కొట్టేసరికి పొద్దు వాలింది. ఏ బెజ్జానికి ఆ బెజ్జం ఆ ఐదు గింజలతో సరిచూసినాడు. నా ఒంట్లో వెలుతురు దూరడం అప్పుడే మొదలు. తీర్పు గింజలు పోసినప్పుడు జరుగుతుందని మనుషులు అనుకుంటారు. నా తీర్పు ఆ దాగలి మీదే అయిపోయింది. ఆ సంగతి తెలిసింది ముగ్గురికి. సారు, దాదాపీరు, నేను. ముగ్గురమూ మాట్లాడే రకం కాదు.

నేను రాకముందు ఆ ఊళ్లో బేరం వేరేగా ఉండేదంట. సంఘం ఆఫీసులో కూర్చున్న ముసలివాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. పై ఊరినుంచి వచ్చిన వ్యాపారి మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి పిడికెడు తీసేవాడు. ఒక గింజ కొరికేవాడు. ఒకటి నలిపి వాసన చూసేవాడు. తర్వాత ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్లు పట్టుకుని బేరం ఆడేవాళ్లు. ఏ వేలు ఎవరు నొక్కినారో పక్కన నిలబడినవాడికి కూడా తెలిసేది కాదు. పిడికిలి అబద్ధం ఆడదు అనేవాళ్లు. తువ్వాలు మాత్రం ఎన్ని అబద్ధాలు కప్పిందో ఎవరూ చెప్పలేదు.

ఈశ్వరరెడ్డిది ఊళ్లో పెద్ద మిల్లు. ఆయనకు కాయలు వచ్చేది బోర్లున్న ఊళ్లనుంచి. సారును పిలుచుకొచ్చింది ఆయనే. సారు అంతకుముందు ఏదో కంపెనీకి ఎరువులు అమ్మినాడంట. పన్నెండు మిల్లులవాళ్లను కూర్చోబెట్టి సారు చెప్పిన మాట ఇది: మీలో మీరు పోటీ పడి ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్తున్నారు, అందుకే బయటివాడికి మీ ఎవరి మీదా నమ్మకం లేదు. సంఘం పెట్టుకోండి. ఒక రూలు పెట్టుకోండి. ఆ రూలుకు నిలిచిన సరుకు మీద సంఘం చీటీ అంటించండి. చీటీ లేని మూట ఎత్తేది లేదని లారీవాళ్ల దగ్గర, దళారుల దగ్గర సంతకాలు తీసుకోండి.

అందరూ తలలూపినారు. మంచిమాటే కదా. నాకూ మంచిమాటగానే వినపడింది.

రూలు కాగితం సారే టైపు కొట్టించినాడు. నూరు గింజలు పోసి ఊపితే తొంభై గింజలన్నా పైన నిలవాల. మూడుసార్లు నిలవకపోతే ఆ మిల్లు పేరు బోర్డు మీదినుంచి తుడిచేస్తారు. సంతకాలయినాక, అందరూ పోయినాక, సారు ఈశ్వరరెడ్డితో నెమ్మదిగా అన్నాడు. "సరుకు అమ్మేవాడు రోజూ అమ్మాలి రెడ్డిగారూ. రూలు రాసినవాడు ఒక్కసారి రాస్తే చాలు."

ఈశ్వరరెడ్డి నవ్వినాడు. సారు నవ్వలేదు. ఆయన నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు.

మొదటి ఏడు నన్ను తోలుసంచిలో పెట్టుకుని సారు ఊళ్లు తిరిగినాడు. మిఠాయి ఫ్యాక్టరీలు, నూనె వ్యాపారులు, దూరదేశం పంపే గోదాములు. రైల్లో కిటికీ పక్కన కూర్చునేవాడు. టిఫిను డబ్బా ఒక్కడే విప్పుకుని, ఒక్కడే తిని, మూత కడుక్కునేవాడు. వ్యాపారుల గదుల్లో నన్ను బల్లమీద పెట్టేవాడు. వాళ్లు నన్ను అటూ ఇటూ తిప్పి చూసేవాళ్లు. గింజలకన్నా నన్నే ఎక్కువ చూసేవాళ్లు. ఇంతవరకు మీకు సరుకు పంపినవాళ్లు దీనిమీద పోసి పంపినారా అని సారు అడిగేవాడు. వాళ్లు ఆలోచనలో పడేవాళ్లు. అంతకుముందు ఆ ఆలోచన వాళ్లకు ఎన్నడూ రాలేదు.

మరుసటి నెలనుంచి ఉత్తరాలు మొదలయినాయి. జల్లెడ మీద పోసిందేనా అని. సారు ముందు వాళ్లకు ప్రశ్న నేర్పినాడు. తర్వాత మాకు జవాబు నేర్పినాడు. మధ్యలో నేను. ఇంత పని ఇంత నిశ్శబ్దంగా జరుగుతుందని దాదాపీరు దగ్గర పుట్టిన రేకుకు ఎట్లా తెలుస్తుంది.

ఊరికి పడమటి కొసన తిప్పమ్మ మిల్లు ఉంది. మొగుడు మిషను మనిషి, ఇంజను శబ్దంలో బతికీ బతికీ మాట మరిచినాడు. బేరం, మాట, మనుషులు అన్నీ తిప్పమ్మవే. నాలుగు పల్లెల వానచేను కాయలు ఆమె దగ్గరికే వచ్చేవి. ఆ గింజ చిన్నది, ఎర్రది, ఒక కొస మొనదేలి ఉంటుంది. పదకొండుమంది ఆడవాళ్లు ఆ మిల్లులో చాపలమీద కూర్చుని గింజలేరేవాళ్లు. బోర్డు మీద ఆమె పేరు పోతే చీటీ లేదు. చీటీ లేకపోతే లారీ లేదు. లారీ లేకపోతే ఆ పదకొండు చాపలూ చుట్టేయాల్సిందే.

మొదటి ఏడు ఆమె సరుకు ఒకసారి పడింది. రెండో ఏడు వాన రాలేదు, ఇంకోసారి పడింది. రెండోసారి పడినప్పుడు బల్లకింద చెదిరిన గింజలను ఆమె ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. తక్కినవాళ్లు చూస్తూ నిలబడినారు.

"కింద పడేది వీటికి కొత్త కాదులే సారూ" అనింది. "పుట్టిందే భూమిలో."

ఒకరిద్దరు నవ్వినారు. సారు కాగితం మీద రెండో గీత గీసినాడు.

ఓబుళప్ప గురించి చెప్పాల. సంఘం ఆఫీసు ఊడ్చేదీ, తాళం తీసేదీ, వేసేదీ అతనే. సేద్యం చేసి చేసి, నడుం పడిపోయి ఈ పనికి వచ్చినవాడు. నన్ను అప్పజెప్పేటప్పుడు సారు ఒక మాటన్నాడు. దీన్ని జాగ్రత్తగా చూసుకో, ఈ ఊరికి ఇదే చట్టం అని.

జాగ్రత్త అంటే ఓబుళప్పకు తెలిసింది రెండు రకాలు. ఇనుమును చూసుకోవడం అంటే నూనె పూయడం. కర్రుకూ కొడవలికీ పూసినట్టు. దేవుణ్ని చూసుకోవడం అంటే పసుపు పూయడం. నేను ఇనుమునో దేవుణ్నో అతను తేల్చుకోలేకపోయినాడు. రెండూ పూసినాడు. ప్రతి శుక్రవారం శనగనూనెలో పసుపు కలిపి, బొటనవేలితో వరస వరసా రుద్దేవాడు. రుద్దుతూ మాట్లాడేవాడు. పెళ్లాం మోకాళ్ల నొప్పి, ఎనుము పాలివ్వకపోవడం, ఎవరి మిల్లులో ఏమనుకుంటున్నారో. నాతో మాట్లాడిన మనిషి అతనొక్కడే. నాకు జవాబు లేదని అతనికి తెలుసు. అందుకే అన్నీ చెప్పేవాడు.

ఆయుధపూజ నాడు ఇంకా దండిగా పూసేవాడు. ఆ మూడో ఏడు దసరాకైతే నేను బంగారు రేకులాగా ఉన్నాను. నాలుగు మూలలా కుంకుమ బొట్లు, ముందు నిమ్మకాయ. మిల్లులవాళ్లందరూ వచ్చి నాకు దండం పెట్టుకున్నారు. తిప్పమ్మ కూడా పెట్టింది. ఏం కోరుకుందో నాకు తెలుసు.

నూనె ఎండకు బంకయింది. బంకకు పసుపు పట్టింది. పసుపు మీద గింజల ఎర్రపొట్టు దుమ్ము పట్టింది. వారం వారం, పొరమీద పొర. నా బెజ్జాల అంచులు లోపలికి పెరిగినాయి. వెలుతురు సన్నంగా రావడం నాకు తెలిసింది. చెప్పే నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్నో కాదో.

ఆ ఏడు ఎవరి సరుకూ పడలేదు. తిప్పమ్మ గింజలు పోసినారు. ఓబుళప్ప ఊపినాడు. సారు లెక్కపెట్టినాడు. తొంభై నాలుగు పైన. తిప్పమ్మ ఆ లెక్కను నమ్మక తానూ ఒకసారి ఎంచింది. తర్వాత బయటికి పోయి, గడపమీద కూర్చుని, చాలాసేపు వీధివైపు చూసింది. ఆ ఏడంతా ఆమె మూటలు సంఘం చీటీతో లారీ ఎక్కినాయి. ఈశ్వరరెడ్డికి అనుమానం వచ్చే ఉంటుంది. కాని ఆయన రెండో రకం కూడా నా మీద మేలు రకంగా నిలుస్తోంది. తనది కూడా నిలుస్తుంటే ఎవరు మాట్లాడతారు.

నా గుట్టు బయటపెట్టింది సారు పెన్సిలు. ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు ఆయన పెన్సిలును నా బెజ్జంలో పెట్టి తిప్పేవాడు. మొదట్లో అది వదులుగా తిరిగేది. సీజను ముగిసే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ పెన్సిలు దూరలేదు. ఇంకో బెజ్జంలో పెట్టినాడు. దూరలేదు. నన్ను కిటికీ దగ్గరికి పట్టుకుపోయి వెలుతురుకు ఎత్తి చూసినాడు. గోటితో గీరితే పసుపుపచ్చ పెచ్చు ఊడివచ్చింది.

ఓబుళప్పను పిలిచినాడు. తిట్టలేదు. సోడా వేసి వేడినీళ్లతో కడగమన్నాడు. ఓబుళప్ప పెరట్లో నన్ను కడుగుతూ ఒక్కమాట మాట్లాడలేదు. మూడేళ్ల శుక్రవారాలు గచ్చుమీద పచ్చగా పారిపోయినాయి. కడిగి తెచ్చినాక సారు, తప్పు నీది కాదు ఓబుళప్పా, కాని ఇంక దీన్ని ముట్టుకోవద్దు అన్నాడు. అద్దాల బీరువా తెప్పించి, అందులో పెట్టి, తాళం చెవి తన సంచిలో వేసుకున్నాడు.

ఆ పూట అందరూ పోయినాక సారు ఆ ఏడాది ఉత్తరాల ఫైలు ముందేసుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా తిప్పినాడు. మళ్లీ మొదటికొచ్చి తిప్పినాడు. అద్దంలోంచి నాకు కనపడుతూనే ఉంది. ఆయన వెతికింది ఒక్క ఫిర్యాదు కోసం. గింజ చిన్నదయిందని ఎవరన్నా ఒక్కరు రాసుంటే ఆయనకు ప్రాణం కుదుటపడేది. ఎవరూ రాయలేదు.

పదిరోజులకు ఒక అట్టపెట్టె వచ్చింది. దూరపు చిక్కీ ఫ్యాక్టరీది. పెట్టెలో చిక్కీలు, పైన ఉత్తరం. సారు ఉత్తరం చదివి, మడిచి, చొక్కాజేబులో పెన్సిలు వెనక పెట్టుకున్నాడు. ఒక చిక్కీ ముక్క తిన్నాడు. నిదానంగా తిన్నాడు. పెట్టె ఓబుళప్పకిచ్చి, నువ్వు తీసుకుపో అన్నాడు.

తర్వాత జరిగింది ఓబుళప్ప బీరువా అద్దం తుడుస్తూ చెప్పినాడు. నన్ను ముట్టుకోవద్దన్నారు గాని, అద్దాన్ని ముట్టుకోవద్దనలేదు. పెట్టె తీసుకుని అతను తిప్పమ్మ మిల్లుకు పోయినాడంట. గింజలేరే ఆడవాళ్లు తలా ఒక ముక్క తీసుకున్నారంట. సుంకులమ్మ అనే ముసలామె తినకుండా ముక్కను వెలుతురుకు పట్టి చూసి, "ఇవి మన గింజలే తిప్పక్కా" అనిందంట. బెల్లంలో అతుక్కుని ఉన్నా మొన చూసి గుర్తుపట్టింది. ఏండ్లతరబడి ఏరిన వేళ్లు కదా. తిప్పమ్మ ముక్క తిని చూసి, పెట్టె మూత తిరగేసి, దానిమీద అచ్చువేసిన అడ్రసు చూసిందంట. మూత చించి దాచుకుందంట.

ఆ తర్వాత ఓబుళప్ప గొంతు తగ్గించినాడు. ఆఫీసులో అతనూ నేనూ తప్ప ఎవరూ లేరు. అయినా తగ్గించినాడు. జల్లెడ కడిగించినారని ఆమెతో చెప్పినాడంట. పరీక్షరోజు బీరువా తీసినప్పుడు నిమిషం సందు దొరికితే నూనె వేలితో నాలుగు వరసలు మెత్తేదా అక్కా అని అడిగినాడంట.

"వద్దన్నా" అనిందంట తిప్పమ్మ. "పోయినేడు నాకు తెలీకుండా నిలిచినా. ఈ ఏడు తెలిసి అట్ల నిలవలేను. ఏరుకుంటాం లే."

ఏరినారు. కొత్త పంట వచ్చినాక వారం రోజులు పదకొండుమందీ వేరేపని ముట్టలేదు. వానచేను కుప్పలోంచి లావు గింజ లావు గింజ ఏరి ఒక లోడు తయారుచేసినారు. మిగిలిన గింజ ఏమయితాదో తర్వాత చూసుకుందాం, ముందు పేరు నిలవాల అనుకున్నారు. ఓబుళప్ప ఆ సంగతులు రోజూ అద్దం తుడుస్తూ చెప్పేవాడు. ఆ వారమంతా నాకు ఒకటే కోరిక. నా బెజ్జాలు ఒక వెంట్రుకవాసి ముడుచుకుంటే బాగుండునని. రేకుకు కోరికలుంటే ఏం లాభం.

పరీక్షరోజు మిల్లులవాళ్లందరూ వచ్చినారు. సారు తాళం తీసి నన్ను బల్లమీద పెట్టినాడు. తిప్పమ్మ ముందుగా, తాను దాచిపెట్టిన చిక్కీ ముక్కలు ఒక కాగితంలో పెట్టి అందరి దగ్గరికీ జరిపింది. ఈశ్వరరెడ్డి ఒకటి నోట్లో వేసుకుని, బాగుందే, ఎక్కడిది తిప్పమ్మా అన్నాడు.

"మనదే రెడ్డన్నా. పోయినేడు మీరంతా కలిసి పంపినారు గదా, మా గింజ."

ఈశ్వరరెడ్డి దవడ ఒక క్షణం ఆగింది. మళ్లీ నమిలినాడు. బాగున్నదాన్ని ఉమ్మలేడు కదా. రుచి వేరే, రూలు వేరే అన్నాడు నమలడం అయినాక.

నూరు గింజలు ఎంచి నా మీద పోసినారు. ఓబుళప్ప పట్టుకున్నాడు. చాలా నెలలకు అతని చేతులు నాకు తగిలినాయి. ఊపినాడు. గింజలు నా మీద ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తినాయి. ఒకటి పడింది. రెండు పడినాయి. తిప్పమ్మ కళ్లు బల్లకింద లేవు. నా మీదే ఉన్నాయి.

ఆగినాక సారు ఎంచినాడు. కింద పది. పైన ఎనభై తొమ్మిది. మళ్లీ ఎంచినాడు. కింద పది, పైన ఎనభై తొమ్మిది. ఒకటి లేదు. అందరూ నేలమీద వెతికినారు. ఓబుళప్ప తన తువ్వాలు దులిపి చూసినాడు. చివరికి గంగాధరప్ప అనే ముసలి మిల్లాయన వంగి, ఇదో ఇక్కడుంది అని నన్ను చూపించినాడు. పన్నెండో వరసలో ఒక గింజ ఇరుక్కుని ఉంది. మొన కిందికి, మొదలు పైకి. నాకు ముందే తెలుసు. ఊపు ఆగకముందే అది నన్ను పట్టుకుంది.

రూలు కాగితం తెచ్చి చదివినారు. పైన నిలిచింది ఏమిటో ఉంది. కింద పడింది ఏమిటో ఉంది. ఇరుక్కున్న దాని మాట లేదు.

సగం కిందికే ఉంది, నిలిచినట్టు ఎట్లయితుంది అన్నాడు ఈశ్వరరెడ్డి. సగం పైన కూడా ఉంది రెడ్డీ, నీ పక్కనుంచి కనపడదులే అన్నాడు గంగాధరప్ప. ఎవరో నవ్వినారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే తిప్పమ్మ లేచి నిలబడింది.

"రూలు రాసింది మీరు సారూ. మీరే చెప్పండి. ఇది పడిందా, నిలిచిందా?"

సారు చెయ్యి చొక్కాజేబు దగ్గరికి పోయింది. ఆ జేబులో ఏముందో నాకు తెలుసు. ఆయన వేళ్లు ఉత్తరం మడతను తాకినాయి. బయటికి వచ్చినప్పుడు వేళ్లమధ్య పెన్సిలు ఉంది.

"పడినట్టే" అన్నాడు.

కాగితం మీద మూడో గీత పడింది. నేను ఆయన ముఖం చూస్తున్నాను. అందులో కోపం లేదు, సంతోషం లేదు. ఒక్కసారి వంగితే ఇక దాన్ని రూలు అనరు అని ఆయన ఎన్నోసార్లు చెప్పగా విన్నాను. ఆయన దాన్ని నమ్మినాడనే అనుకుంటాను. నమ్మకపోతే అంత నెమ్మదిగా చెప్పలేడు.

తిప్పమ్మ గోడకున్న నల్లబోర్డు దగ్గరికి పోయి, సుద్దముక్కతో రాసిన తన మిల్లు పేరు కొంగుతో తానే తుడుచుకుంది. పేరు పోయింది, తెల్లటి మరక మిగిలింది. వాకిలి దగ్గర తిరిగి చూసి, "ఆ గింజ నాదే. ఉండనీండి" అనింది. ఎవరికి చెప్పిందో. సారుకు అనుకుంటే సారుకు. నాకు అనుకుంటే నాకు. ఎవరూ దాన్ని పొడిచి తీయలేదు. నన్ను అట్లే బీరువాలో పెట్టి తాళం వేసినారు.

మిగతాది ముక్కలుముక్కలుగా విన్నాను. తిప్పమ్మ, మొగుడు ఒక మూట భుజాన వేసుకుని రైలెక్కినారంట. పెట్టె మూత మీది అడ్రసుకు పోయినారంట. ఆ ఫ్యాక్టరీ ముసలాయన మూటలో మోచేతి దాకా చెయ్యిపెట్టి, ఒక గింజ కొరికి, భుజంమీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పినాడంట. భాష రాదు. వేళ్లకు భాష ఎందుకు. బెల్లంలో కలిసినప్పుడు చిన్న గింజ అయితేనే చిక్కీ పలక విరగకుండా నిలుస్తుందని ఉత్తరంలో రాసినాను కదా, మీ సంఘంవాళ్లు చెప్పలేదా అని ఆయన అడిగితే, పక్కనున్నవాళ్లు వీళ్లకు అర్థం చెప్పినారంట. లేదు అని తల ఊపి వచ్చేసిందంట తిప్పమ్మ. చీటీ లేని మూటలకు లారీ రాదు కాబట్టి ఎద్దులబండ్ల మీద స్టేషనుకు తోలించి రైల్లో వేసినారంట. చాపలు చుట్టలేదు.

మరుసటి ఏడు గంగాధరప్ప వచ్చి తన పేరు తుడుచుకున్నాడు. ఆయనదీ వానచేను గింజే. తర్వాత ఇంకొకరు. ఒక్కొక్కరు వచ్చి, సారుకు నమస్కారం పెట్టి, బోర్డు తుడుచుకుని పోయేవాళ్లు. గొడవ లేదు. చివరికి బోర్డు మీద ఈశ్వరరెడ్డి పేరొక్కటే మిగిలింది. ఆయన సరుకు నా మీద ఎప్పుడూ నిలుస్తుంది. నిలవదా మరి, నన్ను కొట్టిందే ఆ గింజను చూసి. పోటీకి ఎవరూ లేని మేలు రకం మేలు రకమని ఎవరికి చెప్పుకుంటాడు. కొన్నాళ్లకు ఆయన కూడా పరీక్షకు రావడం మానేసినాడు.

సారుకు ఇంకో ఊళ్లో పని దొరికింది. చింతపండు వ్యాపారులకు సంఘం పెట్టాలంట. పోయేరోజు ఒక్కడే ఆఫీసుకు వచ్చినాడు. బీరువా తెరిచి నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. రైళ్లలో తిరిగిన రోజులు గుర్తొచ్చినాయో ఏమో, వేపచెక్క అంచును బొటనవేలితో రాసినాడు. జేబులోంచి పెన్సిలు తీసి, పన్నెండో వరసలో ఇరుక్కున్న గింజ దగ్గరికి మొన తెచ్చినాడు. ఒక్క పోటు పొడిస్తే ఊడిపడుతుంది. పెన్సిలు అక్కడే ఆగింది. తర్వాత నన్ను మళ్లీ బీరువాలో పెట్టి, ఈసారి తాళం వేయకుండా, తాళం చెవి బల్లమీద పెట్టి వెళ్లిపోయినాడు. తోలుసంచి ఖాళీగా ఊగుతూ పోయింది.

ఓబుళప్ప ఇప్పుడు తిప్పమ్మ మిల్లులో ఉన్నాడు. ఒకసారి ఆఫీసు తాళాలు అప్పజెప్పడానికి వచ్చినాడు. బీరువా తలుపు తీసి, నన్ను చూసి, అలవాటుగా నూనె సీసా ఉండే గూటివైపు తిరిగినాడు. గూట్లో సాలెగూడు ఉంది. తువ్వాలు కొసతో నా అంచులు తుడిచి, తలుపు వేసి పోయినాడు. ఏమీ చెప్పలేదు. ఇప్పుడతనికి చెప్పుకోవడానికి మనుషులున్నారు.

నాకు ఆ గింజ ఉంది. మొదట్లో నన్ను గట్టిగా పట్టుకుని ఉండేది. ప్రతి వేసవికీ అది ఎండుతోంది. ఎర్రపొట్టు ముడతలు పడింది. కిందటి ఎండాకాలంనుంచి తలుపుసందు గాలికి కాస్త కదులుతోంది కూడా. ఏదో ఒకరోజు లారీ పోయిన అదురుకు జారిపడుతుంది. ఆ చప్పుడు నేనొక్కదాన్నే వింటాను.

అప్పుడది పడినట్టా, ఇన్నేళ్లు నిలిచినట్టా. రూలులో లేదు. చెప్పేవాడు ఈ గదిలో లేడు. నన్నడిగితే, నిలిచిందనే చెప్తాను. నన్నెవరూ అడగరు.